తెల్ల కళ్లంలో వట్టికాళ్లు

దక్షిణ ధ్రువం మీద వట్టికాళ్లతో నడిచిన మొట్టమొదటి మనిషిని నేను. మన దేశం అక్కడ జెండా పాతకముందే, పుంగనూరు పక్క మెట్టచేలల్లో పెరిగిన ఈ రెండు పాదాలూ ఆ మంచు మీద అచ్చులు వేసి వచ్చాయి. పెంగ్విన్లు వరసగా నిలబడి నాకు దారిచ్చాయి. ఓడ కెప్టెను టోపీ తీశాడు. కాదనేవాళ్లుంటే రండి. పొద్దున పూట పుంగనూరు బస్టాండు ఎదురుగా టీ అంగడి బెంచీ మీద నేనే ఉంటాను.

ఈ మాట నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పేకొద్దీ పెంగ్విన్లు పెరిగాయి, మంచు లోతయింది, నా నడక పొడవయింది. ఇప్పుడు కాగితం మీద పెట్టమంటే మాత్రం చెయ్యి కొంచెం వెనక్కి లాగుతోంది. నోటితో చెప్పింది గాలికి పోతుంది. రాసింది చదువుకున్నవాళ్ల చేతిలో పడుతుంది. అందుకని అక్కడక్కడా కొంచెం తగ్గిస్తాను. పూర్తిగా తగ్గిస్తానని మాత్రం ఎవరూ ఆశపడొద్దు.

మొదట ఆ ధ్రువం సంగతి. అది ధ్రువం కాదు. ధ్రువం ఆ ఖండం నడిమధ్యలో ఎక్కడో ఉంటుంది. మేము పోయింది దాని అంచుకు. మదనపల్లెకు పోయినానని చెప్పి దాని పక్కనున్న అంగళ్లు ఊళ్లో బస్సు దిగినట్టు. మొట్టమొదటి మనిషి అన్నది కూడా వదిలేస్తాను. అంత పెద్ద ఖండంలో ఎవడో ఒకడు నాకంటే ముందు బూటు జారవిడిచి ఉంటాడు. కెప్టెను టోపీ తీసింది నిజమే, తల గోక్కోవడానికి. ఇక మిగిలింది వట్టికాళ్లు. అది మాత్రం నా సొత్తు. దాన్ని ఎవరు లాక్కుంటారో చూస్తాను.

డెబ్బైలలో నేను కుప్పం స్టేషను పక్క హోటల్లో వంటవాణ్ణి. ఆ హోటల్లో మాకొక పద్ధతి ఉండేది. యజమాని సెలవివ్వనని మొండికేస్తే మేము పని మానేవాళ్లం కాదు. పని మానితే మరుసటి పూటకు వేరేవాణ్ణి తెచ్చుకుంటాడు. మేము అన్నీ చక్కగా వండేవాళ్లం, తాలింపు ఘుమఘుమలాడేది, సాంబారులో ఉప్పు మాత్రం పడేది కాదు. ఆకు మూలన వేసే ఉప్పు కూడా మా చేతి మీదుగానే పోవాలి కదా, ఆ పూట అదీ పోయేది కాదు. బెంగుళూరు బండి దిగి ఆకలిగా వచ్చినవాళ్లు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వంటింటి వైపు చూసేవాళ్లు. మధ్యాహ్నం దాటకముందే యజమాని గుమ్మంలో నిలబడి, "పోండప్పా, పోయి రాండి, సాంబారును మాత్రం బతకనీండి" అనేవాడు. నోరు తెరవకుండా గెలిచే పద్ధతి అది. దాని మీద మాకు ఎంత నమ్మకమంటే, భూమి మీద ఎక్కడైనా అది పనిచేస్తుందనుకున్నాం.

ఆ హోటల్లోనే సప్లయరుగా ఉండేవాడు నా నేస్తం. కుప్పంలోనే పుట్టాడు. తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో ముగించేవాడు. వాడి చుట్టం ఒకడు మద్రాసు హార్బరులో పనిచేసేవాడు. వాడిని పట్టుకుని మద్రాసు పోయాం, మద్రాసు నుంచి బొంబాయి పోయాం, కాగితాలు చేయించుకున్నాం, సరుకుల ఓడ ఎక్కాం. చివరికి ఇద్దరం ఒక చిన్న ప్రయాణికుల ఓడలో తేలాం. నాకు వంటగదిలో సూపులు, కూరగాయలు. వాడికి లాండ్రీ.

చిన్న ఓడ అని ఎందుకంటున్నానంటే, అందులో ప్రయాణికులు మదనపల్లెలో రెండు పెళ్లి బస్సులకు సరిపోయేంత మందే. అమెరికావాళ్లు, జర్మనీవాళ్లు, ఇంగ్లీషువాళ్లు. అందరూ ఉద్యోగాలు ముగించుకున్న వయసువాళ్లు, కడుపు నిండినవాళ్లు. మనవాళ్లు ఆ వయసులో కాశీకి పోయినట్టు వాళ్లు మంచుకు పోతారు. పక్షుల గురించి పాఠం చెప్పడానికి వాళ్లతో ఒక పండితుడు కూడా వచ్చేవాడు. అర్జెంటీనా దేశం తోక చివరి రేవులో వాళ్లను ఎక్కించుకుని, పిచ్చెత్తిన సముద్రం ఒకటి దాటి, మంచు ఖండం అంచుల్లో ఊరూరా ఆపినట్టు ఆపుకుంటూ పోయేది ఓడ. ఊళ్లు లేవనుకోండి, అయినా ఆపేది. ఆ సముద్రం దాటేటప్పుడు తెల్లవాళ్లంతా మంచాలకు అతుక్కుపోయేవాళ్లు. నేను సూపు గిన్నెను నేల మీద పెట్టి, రెండు పాదాలతో నొక్కిపట్టి, సంగటి కెలికినట్టు కెలికేవాణ్ణి. పెద్ద వంటాయన, ఆయనది ఏదో చలి దేశం, అది చూసి "సర్కస్!" అనేవాడు. మా అమ్మ ఆ సర్కస్ రోజూ చేసేది.

ఓడ ఆగిన చోటల్లా రబ్బరు పడవలు దించేవాళ్లు. ప్రయాణికులు ఎర్రకోట్లు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని పడవల్లో ఒడ్డుకు పోయేవాళ్లు. పడవ నడిపే నావికులూ దిగేవాళ్లు. వంటగది, లాండ్రీ మాత్రం దిగకూడదు. వాళ్లు ఒడ్డున తిరిగే వేళే మాకు కూరగాయలు తరిగే వేళ, దుప్పట్లు ఆరేసే వేళ. మా వంటగదికి దోసె పెనమంత గుండ్రటి అద్దపు కిటికీ ఒకటుండేది. మొదటి ఏడాది నేను చూసిన దక్షిణ ఖండమంతా ఆ పెనంలో పట్టినంతే.

ఆ ఎండాకాలం ఇంటికొచ్చాను. టీ అంగడిలో బెంచీ నిండా జనం. నేను మంచుకొండల గురించి చెబుతున్నాను. నీలంగా ఉంటాయన్నాను, ఉరుములాగా విరుగుతాయన్నాను. అన్నీ విని ఒకాయన, సంతలో ఆవుల బేరాలు కుదిర్చే మనిషి, నిదానంగా అడిగాడు.

"ఆడ దిగినావాప్పా?"

"దిగనీరు. ఓడలోంచి సూసినా."

"అట్లనా. నేను మదనపల్లె నుంచి పీలేరు పోతా బస్సు కిటికీలోంచి వాయల్పాడు సూసినా. ఇంగ నేను వాయల్పాడులో కాపురం సేసినట్టే అన్న మాట."

బెంచీ మొత్తం ఊగింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఇంటికి పోయే దాకా ఆ నవ్వు ముఖానికి అంటుకునే ఉంది.

ఇంట్లో నా భార్య నవ్వలేదు. ఆమె మదనపల్లె వైపు చెనిక్కాయ, అదే వేరుశనగ, పండించే రైతుల బిడ్డ. వాళ్ల ఇళ్లలో ఎవరు ఏ కొత్త ఊరికి పోయి వచ్చినా మొదట అడిగే మాట ఒకటే. పెళ్లిచూపులకు పోయి వచ్చినా పిల్ల సంగతి తర్వాత, ముందు అదే అడుగుతారు. ఆమె కూడా అదే అడిగింది.

"నేల ఎట్లుండాది మామా ఆడ? ఎర్రదా, నల్లదా?"

"అంతా తెల్లదే మే."

"తెల్లగుండేది మంచు. దాని కింద?"

నేను నీళ్లు తాగాను. చెంబు దించేసరికి ఇంకా నా ముఖమే చూస్తోంది.

"కాలు పెట్టలేదా నువ్వు?"

"వంటోళ్లను దించరు మే. ఆడ రూలు."

"అట్లయితే నువ్వు పోలేదు మామా. దాని పక్కకు పోయి వచ్చినావు."

అందులో ఎగతాళి లేదు. ఉన్న మాట ఉన్నట్టు అంది. టీ అంగడి వాళ్ల నవ్వును దులిపేసుకోగలను, దీన్ని దులుపుకోలేకపోయాను. అన్ని నెలలు ఆమెను వదిలి, భూమి అడుగు దాకా పోయి, 'పోలేదు' అనిపించుకున్నాను. ఆ రోజే అనుకున్నాను, ఈసారి ఆ నేల మీద కాలు పెట్టకుండా పుంగనూరులో బస్సు దిగేది లేదని.

మరుసటి ఏడాది ఓడ మంచులోకి చేరగానే మేనేజరు దగ్గరికి పోయాం. నేనూ నా నేస్తమూ. ఆయన మంచివాడే, గట్టిగా అరవడు. మా మాట విని చిరునవ్వు నవ్వి, "మీరు పనికి వచ్చారు, వాళ్లు చూడడానికి వచ్చారు. ఒక్కరిని దించితే అందరూ అడుగుతారు" అన్నాడు. తలుపు చాలా మర్యాదగా వేశాడు.

బయటికి రాగానే నా నేస్తం అన్నాడు, "ఏంప్పా, ఏం సేద్దాం?"

"కుప్పం పద్ధతి," అన్నాను.

ఆ రాత్రి సూపులో ఉప్పు పడలేదు. బంగాళాదుంపల్లో పడలేదు, బీన్సులో పడలేదు. పెద్ద వంటాయన రుచి చూస్తాడుగా అంటారేమో. చూస్తాడు. కానీ ఆయన నోట్లో సిగరెట్టు ఆరగా నేను చూడలేదు. ఆయన నాలుక ఎప్పుడో చచ్చిపోయింది. గరిటె నోట్లో పెట్టుకుని "బాగుంది" అన్నాడు. నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు వస్తారు, కేకలేస్తారు, మేనేజరు దిగివస్తాడు, అప్పుడు చెబుతాను అనుకుంటూ. ఎవరూ రాలేదు.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజు వడ్డించే కుర్రవాణ్ణి ఆపి అడిగాను, పైన ఏమంటున్నారని. "ఏమీ అనడంలేదు. ఉప్పు సీసాలు మాత్రం త్వరగా అయిపోతున్నాయి. నింపి ఇవ్వు" అన్నాడు.

నా నేస్తం దుప్పట్ల మూట మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రతి బల్ల మీదా ఉప్పు సీసా, మిరియాల సీసా జంటగా నిలబడి ఉంటాయని మాకు తెలియక కాదు. వాటిని నింపి పంపేది నేనే. కానీ మనిషి తన కూడులో తానే ఉప్పు వేసుకుని, నోరు మూసుకుని తిని పోతాడన్నది మా బుర్రకు తట్టలేదు. మా ఎరుకలో ఉప్పు వండేవాడి చేతిలో ఉంటుంది. అది బల్ల ఎక్కిన చోట వంటవాడు ఎవణ్ణీ బెదిరించలేడు.

అయినా నేను మానలేదు. మానితే ఓడిపోయినట్టు కదా. చప్పగానే వండుతూ పోయాను, వాళ్లు ఉప్పు చల్లుకుంటూ పోయారు. ఓడ ఇక ఉత్తరానికి తిరగడానికి ఎక్కువ రోజులు లేవు. నా పెనంలో మంచుకొండలు ఒకటి తర్వాత ఒకటి దాటిపోతున్నాయి. పుంగనూరు బస్టాండు దగ్గర పడుతోంది.

అప్పుడు ఒక మధ్యాహ్నం మేనేజరు వంటగదిలోకి వచ్చాడు. వెంట ఒక ముసలామె, చేతిలో కర్ర. ప్రయాణికులు వంటగదిలోకి రావడం అదే మొదలు. నా నేస్తం ఉతికిన ఏప్రాన్లు ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాడు. ఉప్పు సంగతి బయటపడిందనుకున్నాను. ఆ ముసలామె ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఆమెకు రక్తపోటు. డాక్టరు ఉప్పు మానమన్నాడట. ఏ ఓడలో చూసినా, ఏ హోటల్లో చూసినా ఉప్పు కుమ్మరించి పెడతారట. ఈ ఓడలో మాత్రం తనలాంటి వాళ్ల మీద దయ ఉంచి ఉప్పు లేకుండా వండుతున్నారట, కావలసినవాళ్లు వేసుకోవచ్చట. ఇంత తెలివైన వంటవాణ్ణి చూసి పోదామని వచ్చిందట. మేనేజరు పక్కన నిలబడి, ఆ తెలివి తనదే అన్నట్టు తల ఊపుతున్నాడు. "నీకు నేనేమైనా చేయగలనా?" అని అడిగింది ఆమె.

ఇక్కడ నేను గరిటె పక్కన పెట్టాను. ఆమె కళ్లలోకి సూటిగా చూశాను. కుప్పం స్టేషను పక్కన నేర్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని అన్నాను. "అమ్మా, రెండేళ్లుగా నీలాంటి వాళ్లకు కడుపు నింపి ఒడ్డుకు పంపుతున్నాం. మాకూ ఆ నేల మీద కాలు పెట్టాలని ఉంది. ఈయన వద్దంటున్నాడు." మేనేజరు ఎదురుగానే, ఆయన వైపు వేలు చూపించి మరీ అన్నాను.

ముసలామె మేనేజరు వైపు తిరిగింది. "నిజమేనా?" ఆయన రూలు గురించి మొదలుపెట్టాడు. ఆమె కర్రతో నేల మీద కొట్టింది. "సరే, రేపు నా చోటు ఇతనికివ్వండి. నేను ఇక్కడ కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాను."

డబ్బిచ్చి ఎక్కిన మనిషి ఉల్లిపాయలు తరిగితే ఓడ పరువు ఏం కావాలి? ఆయన ముఖం బీట్‌రూటు అయింది. మరుసటి రోజు ఉదయం టిఫిన్లు ముగియగానే వంటగదీ లాండ్రీ వంతులవారీగా దిగాయి. మొదటి పడవలో నేనూ నా నేస్తమూ.

ఒడ్డున నల్ల గులకరాళ్లు. కంపు అంతా ఇంతా కాదు, వానకు తడిసిన కోళ్లఫారం వాసన. పెంగ్విన్లు ఉన్నాయి, దారివ్వలేదు. వాటి పాటికి అవి తోసుకుంటూ పోతున్నాయి. పొట్టివి. పొట్టివాటిని చూసి మేము నవ్వం, మా పుంగనూరు ఆవులే పొట్టి. గులకరాళ్లు దాటి నాలుగడుగులు పైకి పోతే మంచు మొదలైంది. ఎవరో ఊడ్చి, అలికి, ఆరబెట్టినంత చదునుగా, తెల్లగా, ఒక్క గడ్డిపోచ లేకుండా పరుచుకుని ఉంది.

అది కళ్లం. నా కంటికి అది కళ్లమే. మా వైపు కళ్లంలోకి చెప్పులతో ఎవరూ పోరు. గింజ పడే చోటు అది. చిన్నప్పుడు ఒకసారి పోయి మా నాయన చేత వీపు మీద తిన్నాను. ఆ భయం కాళ్లకు తెలుసు, తలకు తెలియదు. నేను ఆలోచించేలోపలే నా చేతులు వంగి బూట్లు లాగేశాయి, మేజోళ్లు లాగేశాయి. రెండింటినీ అంచున జతగా పెట్టి లోపలికి అడుగేశాను.

"ఏంప్పా! యాడికొచ్చినాననుకుంటాండావు?" వెనకనుంచి నా నేస్తం కేక.

"కళ్లం మాదిరి ఉండాది ప్పా."

"కళ్లమా? నీ వడ్లు యాడుండాయి? తొడుక్కో, కాళ్లు ఊడి సేతికొస్తాయి!"

చలి అనిపించలేదు మొదట. మే నెలలో మధ్యాహ్నం బండరాయి మీద కాలు పెట్టినట్టు చుర్రుమంది. తర్వాత అది కూడా లేదు. పాదాలు నావి కానట్టు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి. అయినా నాకు కావలసింది ఇంకా దొరకలేదు. మోకాళ్ల మీద కూర్చుని మంచు తవ్వాను. గోళ్లు విరిగేటట్టు తవ్వాను. కింద మట్టి తగలలేదు. రాయి తగిలింది. నల్లటి, పలకలు పలకలుగా విరిగిన రాయి. దాని మీద అరచెయ్యి ఆనించి పెట్టాను.

ఒక పెంగ్విన్ వచ్చి నా బొటనవేలు వైపు తల వంచి చూసి, వెనక్కి తిరిగి, తన అభిప్రాయం నా ప్యాంటు మీద చిమ్మి పోయింది. ఇంతలో పడవ నావికుడు తిట్టుకుంటూ వచ్చి నన్ను చంకల కింద పట్టుకుని ఈడ్చుకుపోయాడు. నడక అని చెప్పేది అదే. నడిచింది కొంచెం, ఈడ్చుకుపోయింది ఎక్కువ. ఓడలో నా పాదాలను నా సూపు గిన్నెలోనే గోరువెచ్చని నీళ్లలో పెట్టారు. ప్రాణం తిరిగొస్తుంటే పెట్టిన కేకలు పక్షుల పండితుడి పాఠం మధ్యలో వినిపించాయట. డాక్టరు తిట్టాడు. మేనేజరు తిట్టాడు. తిట్టనీ. దిగడం మాత్రం దిగాను.

ఆ ఎండాకాలం టీ అంగడి ముందు ఆగకుండా నేరుగా ఇంటికి పోయాను. గడప దాటకముందే చెప్పాను.

"నల్ల రాయి మే. మట్టి లేదు. మంచు కింద అంతా నల్ల రాయి."

ఆమె చేట దించి నా వైపు చూసింది. "చెనిక్కాయ పండదా?"

"గడ్డి కూడా మొలవదు."

"మరి యాల పోతారు మామా అంత దూరం?"

"సూసేదానికి."

"ఏం సూసేదానికి?"

"అదే నాకూ తెలీదు."

ఆమె నా కాళ్ల వైపు వంగి చూసింది. బొటనవేళ్ల మీద చర్మం ఇంకా పొట్టు లేస్తూ ఉంది. దాన్ని వేలితో తాకి, "అట్లయితే పోయినావు," అంది. అంతే. చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఎనభైలలో మన దేశపు శాస్త్రవేత్తలు అక్కడికి పోయినారని పేపర్లో పడింది. టీ అంగడిలో అందరూ ఆ ఫొటోల చుట్టూ మూగారు. ఆవుల బేరగాడు పేపరు నా ముందు పెట్టి, "ఇదీ పోవడమంటే" అన్నాడు. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ వాళ్లకు అక్కడ వంట చేసినవాడు ఎవడు? ఫొటోలో ఎక్కడున్నాడు? గిన్నె తోమినవాడు పోనట్టు, కుర్చీలో కూర్చున్నవాడే పోయినట్టు ఎవరు రాశారు ఈ రూలు? నేను పోయాను. కూరగాయలు తరుగుతూ పోయాను, వట్టికాళ్లతో దిగాను, ఈడ్చుకుపోతే ఎక్కాను. అది పోవడం కాదంటే ఇక ఎవరూ ఎక్కడికీ పోనట్టే. పెంగ్విన్ల లెక్క తగ్గించమంటే తగ్గిస్తాను గానీ, ఇది తగ్గించను.

ఇదంతా రాసి, పోయిన వారం కుప్పం బస్సెక్కి నా నేస్తం ఇంటికి పోయాను. వాడికిప్పుడు చెవులు బాగా పనిచేస్తున్నాయి, కళ్లే పోయాయి. అరుగు మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చదివి వినిపించాను. ఉప్పు సీసాల దగ్గర నవ్వాడు. పెంగ్విన్ దగ్గర నవ్వాడు. వంటగదిలో ముసలామె వచ్చిన చోట చెయ్యెత్తి ఆపాడు, అది మళ్లీ చదవమన్నాడు. గరిటె పక్కన పెట్టడం, కళ్లలోకి సూటిగా చూడడం, మేనేజరు వైపు వేలు చూపించడం, అంతా గట్టిగా, స్పష్టంగా మళ్లీ చదివాను. ముగించి వాడి ముఖం వైపు చూశాను.

"ఆ మాటన్నది నేను ప్పా," అన్నాడు. "నువ్వు గరిటె కింద పెట్టనే లేదు. సేతులు రెండూ కట్టుకోని, 'థ్యాంక్యూ మేడం, నో ప్రాబ్లం మేడం' అంటా నిలబడుకోనుండావు."